కడపట విడిచిపోవు ద్రవము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కాలువకు క్రొత్తనీరు వచ్చిన దినములలో ఇల్లాండ్రు బిందెలోని ఎర్రనీటియందు పటిక ముక్కను నాలుగు మారులు త్రిప్పి తీయుదురు. కొంతసేపటికి బురద అడుగునకు దిగును, పైనీరు తేటపడును. పటిక బురదను కరగించినదా? లేదు. బురదను హరించినదా? అదియు లేదు. మరి ఏమి చేసినది? పటికయందు అల్యూమినియము అను లోహము ఇమిడియున్నది. అది నీటిలో దూదిపింజలవంటి మెత్తని తునకలుగా మారును. ఆ తునకలే అల్యూమినియము హైడ్రాక్సైడ్. పటిక బురద రేణువులయందలి విద్యుదావేశమును చల్లార్చును. ఈ పింజలు ఆ రేణువులను తమ మేనికి అంటించుకొని క్రిందికి దించును. ఇచ్చట పనిచేసినది పింజ బరువు కాదు, దాని ఉపరితలము. ఈ ప్రసంగమునకు విషయము ఆ ఉపరితలమే.

ఇది బురదతో తీరిన మాట కాదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోని కొన్ని గ్రామములలో బావినీటియందలి ఫ్లోరైడ్ వలన పండ్లు గారపట్టుట, కీళ్లు బిగిసిపోవుట, నడుము వంగిపోవుట వైద్యులు గుర్తించి ప్రకటించిరి. తరువాతి కాలమున నల్లగొండ జిల్లా ఈ బాధకు పేరుపడినది. 1970 దశకమున నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటికను, సున్నమును తగుపాళ్ళలో నీటికి కలిపి, ఫ్లోరైడును అడుగునకు దించు పద్ధతి నొకదానిని రూపొందించిరి. దానికి దేశదేశములందు నల్లగొండ పద్ధతి అనియే పేరు. అచ్చటను ఫ్లోరైడును పట్టుకొనునది అప్పుడే పుట్టిన అల్యూమినియము హైడ్రాక్సైడ్ ఉపరితలమే.

"అప్పుడే పుట్టిన" అను మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ఈ తెల్లని ముద్దను వడగట్టి, ఎండబెట్టి, గట్టిపడిన గడ్డను తెచ్చి నీటిలో వేసినచో, అది తడిముద్ద చేసినంత పని చేయదు. లోహము అదే, దాని తూకమును అదే. పోయినది ఏమి? ఎట్లు పోయినది? దానిని పోకుండ నిలుపు ఉపాయము కలదా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము ఒక్క చోటనే యున్నది. ముద్దను ఏ ద్రవము తడిపియున్నది, ఆ ద్రవములలో ఏది కడపట విడిచిపోవుచున్నది అను సంగతియందే యున్నది.

ముందుగా ఈ ముద్దయొక్క స్వరూపమును తెలియవలెను. పటికనీటిలో అమ్మోనియా ద్రావణమును పోసినచో తెల్లని ముద్ద ఏర్పడును. ఇనుప లవణముతో అట్లే చేసినచో ఎర్రమట్టి రంగు ముద్ద వచ్చును. కళాశాల ప్రయోగశాలలలో విద్యార్థు లందరు చూచునదే. వడగట్టిన పిదప అది చేతికి మెత్తగా, వణకుచు, సగము ఘనముగా సగము ద్రవముగా తోచును. దీనిని జెల్ అందురు. ఆ పేరు పెట్టినవాడు థామస్ గ్రేహము. ఆయన 1805లో గ్లాస్గో నగరమున జన్మించి, లండనులో టంకశాలకు అధిపతియై, ఆ కొలువుననే శాస్త్ర పరిశోధనలు సాగించిన మహనీయుడు. జిగురు అను అర్థముగల గ్రీకు పదమునుండి కొలాయిడ్ అను నామమును 1861లో కల్పించినది ఆయనయే. 1864లో ఆయన ఇంకొక విశేషమును వెల్లడించెను. ఇసుకజాతికి చెందిన సిలిసిక్ ఆమ్లపు జెల్‌లోని నీటిని మెల్లగా తొలగించి, దానికి బదులు ఆల్కహాలును నింపెను. ముద్ద రూపు చెడలేదు. నీరున్నదానిని హైడ్రోజెల్ అనియు, ఆల్కహాలున్నదానిని ఆల్కోజెల్ అనియు ఆయన పిలిచెను. జెల్ అనగా ఇల్లు, ద్రవము అనగా అందలి కాపురస్థుడు, ఇల్లు కదలకుండ కాపురస్థుని మార్చవచ్చును అని గ్రేహము చూపినట్లయినది. తరువాతి కథకు అది పునాది.

ఈ ఇంటి కట్టడము గిజిగాని గూటిని పోలినది. పుల్లలు కొద్ది, నడుమ ఖాళీ ఎక్కువ. కంటికి కనరాని హైడ్రాక్సైడ్ రేణువులు ఒకదానికొకటి అక్కడక్కడ ఆని వలవలె అల్లుకొనును. ఆ వల సందులలో ద్రవము నిండియుండును. ముద్ద బరువులో పెద్దపాలు ద్రవముదే.

ఉపరితలము ఎంతయుండునో లెక్క చూడుడు. ఒక సెంటీమీటరు ప్రక్కగల ఘనమునకు ఆరు ముఖములు. వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. దానిని మిల్లీమీటరు ప్రక్కగల వేయి ముక్కలుగా కోసినచో మొత్తము వైశాల్యము 60 చదరపు సెంటీమీటర్లు అగును. ఒక మిల్లీమీటరును పది లక్షల పాళ్లు చేసిన అందొక పాలు నానోమీటరు. పది నానోమీటర్ల ప్రక్కగల ముక్కలుగా కోసినచో అదే పదార్థపు వైశాల్యము 600 చదరపు మీటర్లకు పెరుగును. భూమి లెక్కలో చెప్పవలెనన్న దాదాపు 15 సెంట్లు. పిడికిట దాగు ముక్కలో ఇల్లు కట్టుకొనుటకు చాలిన స్థలము దాగియున్నదన్న మాట. మంచి హైడ్రాక్సైడ్ జెల్‌లు, వానినుండి వచ్చిన ఆక్సైడులు గ్రాముకు వందల చదరపు మీటర్ల ఉపరితలము కలిగియుండుట ఈ కారణముననే.

కంటికి కనబడని ఈ భూమిని ఏ గొలుసుతో కొలుతురు? ఒక గోడ వైశాల్యము తెలియనిచో, దానికి ఒక్క పూత వేయుటకు ఎంత సున్నము పట్టినదో చూచి చెప్పవచ్చును. బ్రూనౌవర్, ఎమ్మెట్, టెల్లర్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు 1938లో ప్రకటించిన పద్ధతి ఇట్టిదే. సున్నమునకు బదులు నత్రజని వాయువు. ఆరిన పొడిని శూన్యములో శుభ్రపరచి, సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో ఉంచి, కొలతప్రకారము నత్రజనిని విడుతురు. నత్రజని అణువులు పొడి ఉపరితలముపై పొరగా పరచుకొనును. ఒక్క పొరకు ఎన్ని అణువులు పట్టెనో లెక్కగట్టి, ఒక్కొక్క అణువు ఆక్రమించు చోటుతో హెచ్చవేసినచో వైశాల్యము తేలును. ముద్ద ఆరుటలో ఎంత భూమి మునిగిపోయెనో ఈ కొలత నిర్మొహమాటముగా చెప్పును.

ఇక ముద్ద ఆరునపుడు జరుగు అనర్థమును చూడవలెను. దీపపు వత్తిలో చమురు ఎగబ్రాకుట అందరెరిగినదే. సన్నని సందులలో ద్రవము గోడలను పట్టుకొని లాగును. ముద్ద ఆరుచుండగా ద్రవము సందులలోనికి వెనుకకు తగ్గును. దాని పైభాగము పల్లముగా వంగును. ఆ వంపు బిగించిన తోలువలె ఇరుప్రక్కల గోడలను లోపలికి గుంజును. నీటిలో ముంచి తీసిన కుంచె వెండ్రుకలు ఒక్క మొనగా అంటుకొనుట ఈ లాగుడు వలననే. ఈ బలమునకు మూలమైన గుణమును తలతన్యత అందురు. లాగుడు ఎంతో తెలియుటకు, గోడను బాగుగా తడుపు ద్రవము విషయమున, తలతన్యతను రెట్టింపు చేసి సందు వ్యాసార్ధముతో భాగించవలెను. అనగా సందు ఎంత ఇరుకైన లాగుడు అంత అధికము.

ఐదు నానోమీటర్ల వ్యాసార్ధముగల సందులో నీటి లాగుడు దాదాపు 280 వాతావరణ పీడనములకు సమానము. బొటనవ్రేలి గోరంత చోటుపై 75 కిలోల ధాన్యపు బస్తాలు సుమారు నాలుగు మోపినట్లు. గిజిగాని గూటివంటి కట్టడము దాని కోర్వగలదా? కూలిపోవును. సందులు మూసికొనును. వందల చదరపు మీటర్ల భూమి లోలోపల పూడిపోవును.

కూలుట ఒక్కటే అయినచో మరల నీరు పోసి నానబెట్టి లేవదీయవచ్చును. రెండవ అనర్థము దానిని లేవనీయదు. హైడ్రాక్సైడ్ రేణువు మేనినిండ ఆమ్లజని, ఉదజని జంటలు చేతులవలె చాచియుండును. ఎదురెదురుగా నున్న రెండు రేణువుల చేతుల నడుమ నీటి అణువు మధ్యవర్తిగా నిలిచి రెంటిని దగ్గరకు చేర్చును. ఎండ తగిలి ఆ మధ్యవర్తి వెడలిపోవుచుండగా, రెండు చేతులు నేరుగా కలిసికొనును. వేడి హెచ్చినకొలది ఆ కలయికనుండి ఒక నీటి అణువు బయటపడి, ఒక్క ఆమ్లజని పరమాణువు రెండు రేణువులను కట్టివేయును. ఆ కట్టు నీటిలో నానినను విప్పుకొనదు. మెత్తని ముద్ద రాతిగడ్డయై కూర్చుండును.

గ్రంథాలయమునకు వచ్చువారికి దీనికి సాటియైన వస్తువు చేతిలోనే కలదు. అది కాగితము. కాగితము చేయువారు నారను నీటిలో నలిపి, పలుచగా పరచి, ఆరబెట్టుదురు. నీరు పోవుచు నారపోగులను దగ్గరకు గుంజును. పోగులపైని చేతులవంటి జంటలు ఒండొంటిని పట్టుకొనును. జిగురు లేకయే నార కాగితమగును. అదే నారను ఆల్కహాలువంటి ద్రవములోనుండి ఆరబెట్టినచో గట్టి కాగితము రాదు. బలములేని మెత్తని అట్ట వచ్చును. చూడుడు! నీటి లాగుడు కాగితమునకు ప్రాణము, జెల్‌కు ప్రాణహాని. కాగితమైన పిమ్మట కూడ ఆ గుణము పోదు. చూరు కారి తడిసిన పుస్తకము ఆరునపుడు పుటలు అంటుకొని పలకవలె బిగిసిపోవుట గ్రంథపాలకు లందరి దుఃఖము. అక్షరము ఒక్కటియు పోలేదు, తూకము తగ్గలేదు, కాని చదువుటకు తెరచు పుట లేదు. ఆరిన జెల్ గతియు ఇదే.

రోగము తెలిసినచో మందు తోచును. నీటి చెడుగు రెండు విధములైనది: ఒకటి లాగుడు, రెండు మధ్యవర్తిత్వము. కావున ఈ రెండును తక్కువగానుండు ద్రవమును నీటికి బదులు నింపవలెను. తలతన్యతలను ఒకే కొలతలో, 25 డిగ్రీల వేడిమియొద్ద చూచినచో, నీటిది 72; ఎథిల్ ఆల్కహాలుది 22; అసిటోనుది 23; బ్యుటనాలు అను పెద్ద ఆల్కహాలుది సుమారు 25. ఆల్కహాలు నింపిన సందులో లాగుడు మూడవవంతు కంటె తక్కువ. అంతేకాదు. ఆల్కహాలు అణువులు రేణువు చేతులలో కొన్నింటిని తామే పట్టుకొని, ఉదజని స్థానమున తమ కర్బనపు తోకను తగిలించును. తోక తగిలిన చేయి ఎదుటి చేతిని పట్టుకొనజాలదు. రేణువు రేణువునకు నడుమ దూరము నిలుచును.

ఈ భేదము స్పష్టముగా కనబడినది జిర్కోనియము హైడ్రాక్సైడ్ విషయమున. జిర్కాను ఇసుక ఉత్తరాంధ్ర సముద్రతీరమున దొరకు ఖనిజములలో ఒకటి. 1971లో హైదరాబాదున స్థాపింపబడిన అణు ఇంధన సముదాయమున ఆ జాతి ఇసుకనుండి లోహము తీయు మార్గములో హైడ్రాక్సైడ్ ఒక మజిలీ. ఇదే హైడ్రాక్సైడును కాల్చి, గట్టి పింగాణీ సామగ్రికి, పండ్ల తొడుగులకు కావలసిన తెల్లని జిర్కోనియా పొడిని చేయుదురు. నీటితో మాత్రము కడిగి ఆరబెట్టి కాల్చిన పొడిలో రాతిగడ్డలు ఉండును. అచ్చులో నొక్కినను చితుకవు. కాల్చిన వస్తువులో సందులు, పగుళ్లు విడుచును. ఆల్కహాలుతో కడిగినదానిలోని గడ్డలు వ్రేళ్ల నడుమ నలిపినంతనే పొడియగును. కడిగిన ద్రవము తప్ప రెండింటికిని తక్కిన పని అంతయు సమానమే.

అయినచో తడిముద్దపై కొంచెము ఆల్కహాలు పోసి ఎండబెట్టిన చాలునా? చాలదు. ఇచ్చటనే తఱచు మోసపోవుదురు. ఎథిల్ ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగును. అసిటోను 56కే మరుగును. నీటికి 100 కావలెను. ముద్దలో నీరు కొంత మిగిలియుండగా వేడిచేసినచో ముందుగా తేలికద్రవము లేచిపోవును. సందుల అడుగున కడపటికి మిగులునది నీరే. విందుకు పిలిచిన మంచి అతిథులు ముందుగా సెలవు గైకొని, కలహకారి ఒక్కడు ఇంట మిగిలినట్లగును. ఆ చివరి ఘడియలో ఆ నీరు తన పూర్తిబలముతో గోడలను గుంజి, చేతులు కలిపి, చేయవలసిన చెరుపు చేసియే పోవును. పట్టికలో తలతన్యత తక్కువగా నున్నదని మురియుట వృథా. ఎవరు ముందు పోవుదురు, ఎవరు కడపట పోవుదురు అని విచారింపవలెను.

అందుచేత కడుగుటకు ఒక క్రమము కలదు. మొదట శుద్ధమైన నీటితో పలుమారులు కడిగి లవణములను పోగొట్టవలెను. అవి ఆల్కహాలులో బాగుగా కరగవు గనుక ఈ పని నీటిదే. పిమ్మట నీరులేని ఆల్కహాలుతో, వంపిన కొలది మరల పోయుచు, ముద్దలోని నీరు అడుగంటువరకు కడుగవలెను. ఒక్కమారు పోసి ఊరకుండుట ఖర్చే గాని ఫలము కాదు.

బ్యుటనాలు మార్గము దీనికంటె యుక్తియుక్తమైనది. బ్యుటనాలు 117 డిగ్రీలకు పైన మరుగును. కాని నీటితో కలిసియున్నప్పుడు ఆ రెండును జోడుగా 93 డిగ్రీల ప్రాంతముననే ఆవిరియగును. ఆ ఆవిరి తూకములో పదింట నాలుగు పాళ్లకు పైగా నీరే. దానిని చల్లార్చినచో రెండు పొరలుగా విడిపోవును. క్రింది నీటిపొరను తీసివేసి, పై బ్యుటనాలు పొరను మరల పాత్రలోనికి పంపవచ్చును. నీరంతయు వెడలిన పిదపనే వేడి 117కు ఎక్కును. అప్పుడు సందులలో మిగిలినది బ్యుటనాలు మాత్రమే. కలహకారిని చేయిపట్టి వీధి దాటించి, తాను మరలి వచ్చి కడపట సెలవు గైకొను సన్మిత్రుడు ఈ ద్రవము.

మరియొక ఉపాయము ద్రవమును గడ్డకట్టించి, కరగనీయక, గడ్డనుండియే ఆవిరిగా పోగొట్టుట. ద్రవమే లేనిచో వంపు లేదు. వంపు లేనిచో లాగుడు లేదు. తడిసిన గ్రంథములను కాపాడుటకును నేడు ఇట్టి పద్ధతిని వాడుచున్నారు. కాని జెల్‌లోని నీరు మంచుగడ్డ యగునపుడు ఇంచుమించు నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బి సన్నని వలను చీల్చును. కావున 25 డిగ్రీల ప్రాంతముననే గడ్డకట్టి, అంతగా ఉబ్బని టెర్షియరీ బ్యుటనాలు అను ద్రవమును ముందుగా నింపుకొందురు. అచ్చటను ప్రశ్న ద్రవపు ఎన్నికయే.

ఇక ఈ విద్యలో శిఖరము అనదగిన పని 1931లో జరిగినది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున ఒక కళాశాలలో బోధకుడైన శామ్యూల్ కిస్లర్ ద్రవమునకు, వాయువునకు భేదమే లేకుండ చేసినచో ఎట్లుండునని ఆలోచించెను. ప్రతి ద్రవమునకు ఒక సందిగ్ధ ఉష్ణోగ్రత కలదు. తగిన పీడనములో దానిని దాటించినచో ద్రవమనియు వాయువనియు వేరు గీత ఉండదు. గీత లేనిచో వంపును ఉండదు. నీటికి ఆ హద్దు 374 డిగ్రీలు, 218 వాతావరణములు. అంత వేడినీరు సిలికా జెల్‌ను కరగించి పాడుచేయుచుండెను. ఆయన గ్రేహము చూపిన త్రోవనే పట్టి నీటికి బదులు ఆల్కహాలు నింపెను. ఎథిల్ ఆల్కహాలు హద్దు 241 డిగ్రీలు; పీడనము 60 వాతావరణములకు కొంచెము పైన. ఆ హద్దు దాటించి వాయువును మెల్లగా వదలివేయగా, జెల్ కుంచించుకొనక నిలిచి, లోపల గాలి నిండినది. దానికి ఏరోజెల్ అని పేరిడిరి. కిస్లర్ సిలికాతో ఆగక, అల్యూమినియము, ఇనుము, తగరము మున్నగువాని ఆక్సైడులతోను చేసి చూపెను.

శిఖరమెక్కినవారికి పడుటయును ఉన్నది. ఆల్కహాలు అగ్నికి చుట్టము. 1984లో స్వీడను దేశమున షోబో పట్టణములోని ఒక కర్మాగారమున, పీడన పాత్రనుండి మెథిల్ ఆల్కహాలు కారి, ఆవిరి నిండి, ప్రేలుడు సంభవించి కట్టడము ధ్వంసమైనది. ఆ మరుసటి సంవత్సరమున అమెరికాలోని బర్క్లీ శాస్త్రజ్ఞులు ఆల్కహాలుకు బదులు ద్రవరూపమైన బొగ్గుపులుసు వాయువును నింపు మార్గమును ప్రకటించిరి. దాని హద్దు 31 డిగ్రీలు మాత్రమే. పీడనము సుమారు 73 వాతావరణములు. మంటకు అవకాశము లేదు. ఐతే అది నీటితో బాగుగా కలియదు. కావున మొదట నీటిని ఆల్కహాలుతోను, పిదప ఆల్కహాలును దీనితోను మార్చవలెను. కాపురస్థులు ఇద్దరు మారినగాని ఇల్లు నిలువదు.

ఇంతవరకు చెప్పినది జెల్ పోకడలో ద్రవపు ప్రభావము. పుట్టుకయందును దాని ప్రభావము కలదు. విద్యుదావేశముగల అణువులను విడదీసి నిలుపు శక్తి నీటికి అధికము. ఎథిల్ ఆల్కహాలుకు అందు మూడవవంతు కంటె తక్కువ. అందుచే ఆల్కహాలు కలిపిన నీటిలో హైడ్రాక్సైడ్ కరగియుండజాలక ఒక్కుమ్మడిగా అసంఖ్యాకమైన బీజములుగా బయటపడును. బీజములు పెక్కయినచో ఒక్కొక్కటి పెరుగుటకు పదార్థము చాలదు. రేణువులు సన్నముగా నుండును. నీటిలో చాలకాలము నానిన ముద్దలో చిన్న రేణువులు మెల్లగా కరగి పెద్దవానిపై చేరుచుండును. ఉపరితలము క్రమముగా తగ్గును. ఆల్కహాలులో హైడ్రాక్సైడ్ కరగదు గనుక ఆ ముదిమి నెమ్మదించును.

ఇట్లనుటచే నీరు దుష్టము, ఆల్కహాలు శిష్టము అని తీర్పు చెప్పరాదు. ఆల్కహాలు తగిలించిన తోకలు మిగిలిన పొడి నీటిని తొందరగా చేరనీయదు. నూనెలో కలియవలసిన పొడికి అది గుణము. నీటిలో పనిచేయవలసినదానికి దోషము. ఆ తోకలను కాల్చివేయవలెనన్న గాలి బాగుగా తగులునట్లు మెల్లగా వేడిచేయవలెను. తొందరించినచో అవి మాడి బొగ్గుమరకలు విడుచును. ఖర్చు, అగ్నిభయము, వాడిన ద్రవమును మరల శుద్ధిచేయు శ్రమ ఇవన్నియు లెక్కలోనివే. గట్టి పూసలుగా కావలసినచోట నీటితో ఆరుటయే మేలు. ఏ పనికి ఏ ఉపరితలము కావలెనో ముందు నిర్ణయించి, ఆ పిదప ద్రవమును ఎన్నుకొనవలెను.

ఈ దృష్టితో ఫ్లోరైడు బాధగల గ్రామమునకు మరలి వచ్చినచో, నల్లగొండ పద్ధతియందలి వివేకము తెలియును. త్రాగునీటిలో ఆల్కహాలునకు తావు లేదు. పేద పల్లెలో పీడన పాత్రలకు తావు లేదు. ద్రవమును మార్చు వీలు లేనప్పుడు చేయదగినదేమి? ముద్దను ఆరనీయకుండుటయే. నీటిలోనే పుట్టించి, కట్టడము కూలకముందే, చేతులు తెరచియుండగనే దానిచే పనిచేయించి, ఫ్లోరైడుతో కూడిన మడ్డిని అడుగున వేరుపరచుట. అందుచే పటిక, సున్నము పాళ్లను నీటిని పరీక్షించినవారు చెప్పిన కొలతప్రకారము వేయవలెను. నిన్న అడుగున మిగిలి ఆరిన మడ్డిని నేటి నీటిలో మరల వేసి, పని జరిగినదని తృప్తిపడరాదు. అది చూపునకు తెల్లగానే యుండును, తూకమునకు సరిగానే యుండును. కాని దాని చేతులు మూసికొని యుండును. త్రాగు పిల్లల ఎముకలకు ఆ భేదము తెలియును.

ఒకే నీటిబొట్టు తాను చేరిన ఆశ్రయమును బట్టి మూడు గతులు పొందునన్న భర్తృహరి సుభాషితమును ఏనుగు లక్ష్మణకవి తెనుగున చదువనివారు ఈ సభలో అరుదు. అచ్చట నీటికి ఆశ్రయము గతి నిర్ణయించినది. ఇచ్చట ఆశ్రయమునకే నీరు గతి నిర్ణయించుచున్నది. సహవాసము రెండు ప్రక్కల పనిచేయునని రసాయనశాస్త్రము ఆ నీతికి ఒక వ్యాఖ్యానమును చేర్చినది. కూడియున్న కాలములో తెలియని గుణము విడిపోవు ఘడియలో తెలియునని దానికి అనుబంధము.

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయపు బీరువాలలో పుస్తకములు పెరిగినవి. గ్రంథాలయపు విలువను సంపుటముల సంఖ్యతో కొలుచుట ముద్దను తూకమువేసి కొనుటవంటిది. కొలువవలసినది తెరువబడిన పుటల వైశాల్యము. చూరు కారనీయక, పుటలు అంటుకొననీయక, చదువరి వ్రేలు ప్రతి పుటను తాకునట్లు కాపాడుట గ్రంథపాలకుని వంతు. వచ్చి తెరచుట గ్రామస్థుల వంతు. ఆ రెండును జరుగుచున్నంతకాలము ఈ ఇంట ఉపరితలమునకు లోటు రాదు.

స్వస్తి.